డెలివరీ వ్యాన్‌ను క్యాంపర్‌గా మార్చుకోవడం ఎలా? నెల్లూరు ఎండకు తగ్గ పద్ధతి

క్యాంపర్ వ్యాన్, అంటే లోపలే పడుకుంటూ ఊళ్లు తిరిగే బండి, వీడియోలు చూసి ఉత్సాహం పుట్టినవాళ్లకు ముందుగా ఒక మాట. వాటిలో ఎక్కువ భాగం చలిదేశాల వాళ్లు తీసినవి. లోపలి వెచ్చదనం బయటికి పోకుండా ఎలా ఆపాలన్నదే వాళ్ల బాధంతా. అందుకే గోడలకు చెక్క, కింద కార్పెట్, మూలన హీటర్. రోహిణి కార్తెలో కావలి దగ్గర బండి ఆపి పడుకునేవాడి బాధ వేరు. మనకు ఎండ లోపలికి రాకూడదు, వచ్చిన వేడి నిలవకూడదు. నవంబరు, డిసెంబరు తుపాను జల్లు పడకూడదు. ఉప్పుగాలి రేకును తినేయకూడదు.

ఇంకో తేడా కూడా ఉంది. వాళ్లు పైకప్పు కోసి కిటికీ పెడతారు, ఫ్యాన్ పెడతారు. మన దగ్గర ఆర్‌సీలో రాసినదానికి, బండికి తేడా వస్తే రోడ్డు మీద జవాబు చెప్పుకోవాలి. కాబట్టి ఈ పద్ధతి మొత్తం రెండు షరతుల మీద నడుస్తుంది. బండి బాడీని కోయకూడదు, దానికి వెల్డింగ్ పెట్టకూడదు. లోపల గాలి ఆడాలి.

ముందు కాగితాలు

పని మొదలుపెట్టే ముందు ఈ భాగం చదవండి. బోరు కొట్టినా సరే.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేయించిన ఓనరుకు 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. క్యాంపర్‌ను అసలు క్యాంపర్‌గానే రిజిస్టర్ చేయించాలంటే మోటార్ క్యారవాన్ అనే వర్గం ఉంది, దానికి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. కానీ అది టెస్టింగ్ ఏజెన్సీ దగ్గర ఆమోదం పొందే వ్యవహారం. ఇంట్లో ఒక్క బండి చేసుకునేవాడు ఆ దారి పట్టడం దండగ.

మరి మనం చేసేదేంటి? మంచం, కిచెన్ పెట్టె, బ్యాటరీ పెట్టె, ఈ మూడూ విడివిడి సామాన్లు. బండిలో లోడు కట్టడానికి ముందే ఉన్న కొక్కేలకు, బోల్టు కన్నాలకు బిగిస్తాం. ఒక స్పానరుతో ఊడదీస్తే బండి మళ్లీ ఉత్త డెలివరీ వ్యాన్. సీట్ల సంఖ్య మారదు, బాడీ రకం మారదు, ఎత్తూ పొడుగూ మారవు. అయినా మీ పరిధిలోని ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి, గీసుకున్న బొమ్మ చూపించి మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్‌ను ఒకసారి అడగండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ఒక మెయిల్ పెట్టి, వాళ్ల జవాబును దాచుకోండి. నోటిమాట క్లెయిమ్ రోజున పనికిరాదు.

గూడ్స్ బండి విషయంలో ఇంకో రెండు సంగతులు. వెనక భాగంలో మనుషుల్ని కూర్చోబెట్టి గానీ పడుకోబెట్టి గానీ బండి నడపకూడదు. మంచం ఉంది కదా అని పిల్లల్ని వెనక పడుకోబెట్టి తీసుకెళ్లడం మరీ తప్పు, ప్రమాదం కూడా. అంటే ఇది ముందు సీట్లలో పట్టే ఇద్దరి బండి. నలుగురున్న కుటుంబం అయితే తెల్ల నంబరు ప్లేటు ప్యాసింజర్ వ్యాన్ తీసుకుని, సీట్లు ఉంచేసి, వెనక డిక్కీలో కిచెన్ పెట్టె, పక్కన టెంటు పెట్టుకోవడం మేలు. రెండోది, ట్రాన్స్‌పోర్ట్ బండి కాబట్టి ఫిట్‌నెస్ ఉంటుంది. 8 ఏళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. ఆ రోజుకు సామాను మొత్తం ఇంట్లో దించి ఖాళీ బండి తీసుకెళ్లండి.

అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటించే ఆలోచన ఉంటే మానుకోండి. సుప్రీంకోర్టు 2012లోనే వద్దంది. ఆపినప్పుడు పెట్టి, నడిపేటప్పుడు తీసేసే అడ్డుబిళ్లలు చేసుకుందాం. వాటి సంగతి కింద వస్తుంది.

బండి ఎంపిక: రొయ్యల లోడు కొట్టిందా అడగండి

పెద్దది కావాలంటే ఫోర్స్ ట్రావెలర్ డెలివరీ వ్యాన్, టాటా వింగర్ కార్గో. చిన్నది చాలంటే మారుతి ఈకో కార్గో. ఈకో స్పేర్లు ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి, ఇరుకు సందుల్లో తిరుగుతుంది. కాకపోతే ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది కాబట్టి దూరం తోలి ఆపాక ఆ వేడి కాసేపు లోపలే ఉంటుంది. పొడుగు మనుషులు పడుకోవడానికి చోటు సరిపోతుందో లేదో కొనకముందే టేపు పెట్టి కొలుచుకోవాలి. మాటతో కాదు, వెనకకెక్కి నిజంగా పడుకుని చూడాలి. అమ్మేవాడు నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి.

సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఇక్కడ అడగాల్సిన మొదటి ప్రశ్న మైలేజీ కాదు. "ఇంతకుముందు ఏం లోడు కొట్టింది?" అని. మన కోస్తాలో చాలా వ్యాన్లు చేపలు, రొయ్యలు మోసినవే. ఐసు కరిగిన ఉప్పునీళ్లు థర్మోకోల్ పెట్టెల్లోంచి కారి, నేల రేకు అతుకుల్లోకి దిగి, అక్కడే ఉండిపోతాయి. పైన కొత్త పెయింటు, కొత్త రబ్బరు మ్యాట్. కింద రేకు జల్లెడ. పైగా ఆ వాసన ఏ ఫినాయిల్‌కూ పోదు. ఎండాకాలంలో తలుపులు మూసి గంట ఆగి తెరిస్తే చాలు, బండి తన చరిత్ర తనే చెప్తుంది.

చూడాల్సిన చోట్లు ఇవి. మ్యాట్ పూర్తిగా ఎత్తించి నేల అతుకులు చూడండి. జారుడు తలుపు కింది పట్టాలో వేలు పెట్టి తిప్పండి, ఎర్రటి పొడి వస్తే లోపల పని జరుగుతోందని అర్థం. వెనక తలుపుల అడుగు అంచులు, చక్రాల పైన గుమ్మటాలు, బండి కింద పొడవునా ఉండే ఛాసిస్ దూలాలు స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు మొద్దు శబ్దం చేస్తుంది. మార్కాపురం, కనిగిరి వైపు తిరిగిన బండి తీరం వెంట తిరిగినదానికన్నా రేకు విషయంలో సాధారణంగా నయం. రంగు మాత్రం తెలుపే తీసుకోండి. ముదురు రంగు ఎంత అందంగా ఉన్నా మే నెలలో దాని లోపల పడుకోలేరు.

తుప్పు పని, తర్వాత టేపు పని

బండి ఇంటికి రాగానే లోపలున్నదంతా ఊడదీసి, మంచినీళ్లతో కడిగి, తలుపులన్నీ తెరిచి ఎండబెట్టండి. తుప్పు మరకలున్న చోట వైరు బ్రష్‌తో మెరిసే రేకు కనిపించేదాకా గీకి, రస్ట్ కన్వర్టర్ పూసి, ప్రైమరు, దాని మీద ఎనామిల్ వేయండి. కన్నం పడ్డ చోటు ఉంటే బాడీ షెడ్డులో రిపేరు చేయించాలి. పుట్టీ పెట్టి కప్పేస్తే కొన్నాళ్లకు మళ్లీ మొదటికే వస్తుంది.

ఆ తర్వాత కొలతలు. వ్యాన్ లోపల ఒక్క గోడా నిటారుగా ఉండదు. అందుకని ప్లైవుడ్ కోయకముందే ఫ్రిజ్ డబ్బా అట్ట తెచ్చుకోండి, ఏ ఎలక్ట్రానిక్స్ షాపు వాడైనా ఊరికే ఇస్తాడు. అట్టను గోడకు ఆనించి, ఒక పెన్సిల్‌కు చిన్న చెక్కబిళ్ల కట్టి, బిళ్ల గోడను రాసుకుంటూ పోయేలా పైనుంచి కిందికి లాగండి. గోడ వంపు ఉన్నదున్నట్టు అట్ట మీద పడుతుంది. ఆ గీత వెంట కోసి, పెట్టి చూసి, సరిచేసి, సరిగ్గా కూర్చున్నాకే అచ్చును ప్లైవుడ్ మీద పెట్టండి.

మంచం ఎత్తు ఎంత అనేది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. పరుపు మీద కూర్చుంటే తల పైకప్పుకు తగలకూడదు. కూర్చున్న మనిషికి సుమారు 36 అంగుళాలు కావాలి. నేల నుంచి పైకప్పు దాకా ఉన్న ఎత్తులోంచి ఆ 36 తీసేస్తే మిగిలేదే మీ మంచం గరిష్ఠ ఎత్తు. కిందంతా సామాన్ల చోటు. ఎక్కువ సామాను పడుతుందని మంచం పైకి లేపితే రోజూ వంగి కూర్చుని కాఫీ తాగాలి. వాన పడే రోజు అది నరకం.

ఎండను ఆపడం

మధ్యాహ్నం పూట వ్యాన్ పైకప్పు లోపలివైపు చెయ్యి పెట్టి చూడండి. పెట్టలేరు. వేడి ఎక్కువగా వచ్చేది అక్కడి నుంచే కాబట్టి డబ్బు తక్కువుంటే ముందు పైకప్పుకు ఖర్చు పెట్టండి, గోడలు తర్వాత.

వాడాల్సింది నైట్రైల్ రబ్బర్ షీటు. ఏసీ డక్టులకు చుట్టే నల్లటి మెత్తటి షీటు అదే. 13 లేదా 19 మిల్లీమీటర్ల మందం తీసుకోండి. దీని లోపలి గాలిబుడగలు మూసుకుని ఉంటాయి కాబట్టి తేమ పీల్చదు. గ్లాస్ ఊల్ మన తీరానికి పనికిరాదు, చెమ్మ పట్టి రేకుకు అంటుకుని తుప్పు పెంచుతుంది. థర్మోకోల్ చవకే, రొయ్యల పెట్టెల పుణ్యమా అని ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది. కానీ బండి కుదుపులకు కిర్రుకిర్రుమంటూ పొడిపొడిగా రాలుతుంది, నిప్పు అంటుకుంటే క్షణాల్లో కరిగి కాలుతుంది. పైకప్పుకు అసలు వద్దు.

అంటించే ముందు రేకును థిన్నరుతో తుడవాలి. జిడ్డు మీద ఏ గమ్మూ నిలవదు. రబ్బరు అడ్హెసివ్‌ను రేకుకూ షీటుకూ రెండిటికీ పూసి, చేతికి అంటనంతగా ఆరనిచ్చి, అప్పుడు నొక్కండి. ఈ పని పొద్దున్నే చేయాలి, వేడెక్కిన రేకు మీద గమ్ము పరుచుకోకముందే ఆరిపోతుంది. మూసిన బండిలో ఆ వాసన పీలిస్తే తల తిరుగుతుంది, అన్ని తలుపులూ తెరిచి ఫ్యాన్ పెట్టుకోండి. మన ఎండలకు ఏ గమ్మైనా ఎప్పుడో ఒకప్పుడు వదులుతుంది. అందుకే షీటు కింద పైకప్పు పక్కటెముకలకు ఆనేలా పల్చటి పీవీసీ పట్టీలు వంచి బిగిస్తే, గమ్ము వదిలినా షీటు మొహం మీద పడదు.

వెండి రంగు బబుల్ ఫాయిల్ గురించి ఒక అపోహ ఉంది. దాన్ని నేరుగా రేకుకు అంటించేస్తే వచ్చే లాభం చాలా తక్కువ. ఫాయిల్ వేడిని వెనక్కి కొట్టాలంటే దాని ముందు ఒక అంగుళమైనా ఖాళీ గాలి ఉండాలి. కాబట్టి దాన్ని అద్దాల అడ్డుబిళ్లలకు వాడండి. అద్దం ఆకారంలో కోసి, అంచుకు రెగ్జిన్ కుట్టించి, చిన్న సక్కర్లతో అద్దానికి లోపలి నుంచి తగిలిస్తే ఎండా ఆగుతుంది, బయటివాళ్ల చూపూ ఆగుతుంది. సీటు కవర్లు కుట్టే షాపులో అచ్చు ఇస్తే చేసిపెడతారు.

వీటన్నిటికన్నా చవకైన మందు బండి పైన నీడ. నర్సరీలకు వేసే గ్రీన్ షేడ్ నెట్ ముక్క ఒకటి, నాలుగు తాళ్లు, రెండు కర్రలు. బండికి జానెడు ఎత్తున నెట్ కడితే మధ్యలో గాలి ఆడుతుంది, రేకు కాలదు. మైపాడు, కొత్తపట్నం వైపు సరుగుడు తోపులుంటే ఆ నెట్ కూడా అక్కర్లేదు. కొబ్బరి చెట్టు కింద మాత్రం బండి ఆపొద్దు, ఎందుకో చెప్పక్కర్లేదు.

గాలి

ఎంత ఇన్సులేషన్ వేసినా అది వేడిని ఆలస్యం చేస్తుందే తప్ప ఆపలేదు. సాయంత్రానికి లోపల చేరిన వేడిని బయటికి తోలేది గాలే. కిటికీలు లేని డెలివరీ వ్యాన్‌లో ఇదే పెద్ద చిక్కు.

చల్లగాలి కింది నుంచి రావాలి, వేడిగాలి పై నుంచి పోవాలి. ముందు తలుపుల అద్దాలు నాలుగు వేళ్లు దించి, ఆ సందులో దోమతెర కుట్టిన ఫ్రేము పెట్టండి. వెనక తలుపు కొద్దిగా తెరిచిన స్థితిలో లోపలి నుంచి గొలుసుతో బిగించి, ఆ సందు మొత్తానికి సరిపోయే ప్లైవుడ్ పట్టీ చేయించండి. పట్టీ పైభాగంలో రెండు 12 వోల్టుల ఎగ్జాస్ట్ ఫ్యాన్లు బిగించండి, గాలి బయటికి తోసేలా. పడుకునే చోట ఒక డీసీ ఫ్యాన్ మొహం మీదికి. సోలార్ లైట్లు అమ్మే షాపుల్లో 12 వోల్టుల ఫ్యాన్లు దొరుకుతాయి. దోమతెరకు వెల్క్రో కన్నా అయస్కాంత పట్టీ మేలు, రాత్రి చీకట్లో కూడా దానంతటదే అతుక్కుంటుంది. రొయ్యల చెరువుల దగ్గర సాయంత్రం ఆరు దాటాక దోమతెర లేకుండా తలుపు తీస్తే తెల్లారేదాకా చప్పట్లు కొడుతూ ఉండాలి.

మంచం: ప్లైవుడ్ కాదు, నవారు

అందరూ ప్లైవుడ్ పలక మీద ఫోమ్ పరుపు వేస్తారు. మన చెమటకు అది పెద్ద శిక్ష. కింద నుంచి గాలి రాదు, పరుపు అడుగున చెమ్మ నిలిచి బూజు పడుతుంది. మనకు నవారు మంచం ఉండగా ప్లైవుడ్ ఎందుకు?

అంగుళం ఎమ్మెస్ స్క్వేర్ పైపుతో ఫ్రేము కట్టించండి. వెల్డింగ్ అంతా షాపులోనే, బండి బయట. తలుపులోంచి పట్టేలా ఫ్రేము మూడు ముక్కలుగా ఉండాలి, లోపల బోల్టులతో కలుస్తుంది. ఇక్కడ వెల్డరుతో ఒక పేచీ తప్పదు. "అన్నా, బండికే నాలుగు టాకాలేస్తే అయిపోద్ది, ఈ బోల్టులన్నీ ఎందుకు?" అంటాడు. ఒప్పుకోకండి. కాగితాల సంగతి పక్కనపెట్టినా, టాకా వేసిన చోట వెనకవైపు పెయింటు కాలిపోతుంది, తుప్పు సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

నవారు అల్లేటప్పుడు తెలియాల్సిన విషయం ఒకటుంది. గట్టిగా లాగి అల్లిన నవారు రెండు పొడుగు పైపుల్నీ లోపలికి గుంజుతుంది. ఆరడుగుల పైపు నడుమ దగ్గర వంగిపోతుంది, నవారు వదులవుతుంది. అందుకని మధ్యలో ఒక అడ్డపైపు తప్పనిసరి. దాన్ని మిగతా ఫ్రేముతో సమానంగా పెట్టిస్తే పడుకున్నప్పుడు నడుముకు గుచ్చుకుంటుంది. నాలుగు అంగుళాలు కిందికి, యు ఆకారంలో దించి పెట్టించాలి. నవారు నైలాన్‌దైతే చెమ్మ పట్టదు, నూలుదైతే ఒంటికి హాయి కానీ అప్పుడప్పుడు బిగించుకోవాలి. పైన పల్చటి బొంత చాలు.

ఫ్రేము కాళ్లను లోడు కట్టే కొక్కేల కన్నాలకు 8 ఎమ్ఎమ్ బోల్టులతో, కుదుపులకు వదులవని నైలాక్ నట్లతో బిగించండి. కాలికీ నేలకూ మధ్య పాత టైరు ట్యూబు ముక్క పెడితే మోత ఉండదు, పెయింటు లేవదు. పడుకున్నప్పుడే కాదు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు కూడా ఈ ఫ్రేము కదలకూడదు. దాని ముందున్నది మీ తలే.

నేలకు 12 మిల్లీమీటర్ల బీడబ్ల్యూపీ గ్రేడు (నీళ్లకు తట్టుకునే) ప్లైవుడ్ వేయండి, దాని మీద ఐఎస్ 710 ముద్ర ఉంటుంది. కోసిన అంచులకు తప్పకుండా పెయింటు వేయాలి, నీళ్లు పీల్చేది అంచుల్లోంచే. 8 అడుగుల బై 4 అడుగుల 12 ఎమ్ఎమ్ షీటు ఒక్కటే పాతిక కిలోల దాకా తూగుతుంది. 18 ఎమ్ఎమ్ అయితే 40కి దగ్గర. గట్టిగా ఉంటుందని అన్నిటికీ 18 వాడితే బండి మోసే బరువంతా చెక్కే అవుతుంది.

కరెంటు

ముందు లెక్క వేసుకోండి, తర్వాత కొనండి. 24 వాట్ల ఫ్యాను రాత్రి 10 గంటలు తిరిగితే 240 వాట్ అవర్లు. రెండు ఎల్ఈడీ లైట్లు కలిపి 10 వాట్లు, 4 గంటలకు 40. రెండు ఫోన్ల ఛార్జింగు ఇంకో 40 అనుకోండి. మొత్తం 320. 12.8 వోల్టులు, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1,280 వాట్ అవర్లు ఉంటాయి. అంటే ఎండ లేకపోయినా మూడు రాత్రులు హాయిగా గడుస్తుంది. ఇంట్లో పాత ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది కదా అని పెట్టాలనిపిస్తుంది. అది 50 కిలోల పైన బరువు, సగానికి మించి వాడితే పాడవుతుంది, ఛార్జింగులో హైడ్రోజన్ వదులుతుంది. మీరు పడుకునే గదిలో అది వద్దు.

చిన్న ఫ్రిజ్ పెట్టారంటే ఎండాకాలంలో రోజుకు 500 వాట్ అవర్లు అదే తాగేస్తుంది, లెక్క మొత్తం తారుమారవుతుంది. తీరం వెంట ఐస్ ఫ్యాక్టరీలకు కొదవ లేదు. మంచి ఐస్ బాక్సు కొనుక్కుని పొద్దున్నే ఐసు నింపుకుంటే ఆ టెన్షనే ఉండదు. ఆ ఐసు చేపలకు చేసింది, గ్లాసులో వేసుకునేది కాదు. పాలు, కూరగాయలు మూత గట్టిగా ఉండే డబ్బాల్లో పెట్టండి.

సోలార్ ప్యానెల్‌ను పైకప్పుకు బిగించొద్దని నా సలహా. ప్యానెల్ పైన ఉంటే బండిని ఎండలో ఆపాలి, మనిషి ఉడకాలి. మడత ప్యానెల్ 150 నుంచి 200 వాట్లది, ఎనిమిది పది మీటర్ల 4 చదరపు మిల్లీమీటర్ల సోలార్ కేబులు ఉంటే బండి చింతచెట్టు కింద, ప్యానెల్ ఎండలో. ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు సర్దే ఎమ్‌పీపీటీ కంట్రోలరు ఒకటి మధ్యలో. నడిపేటప్పుడు ఆల్టర్నేటర్ నుంచి ఛార్జి కావాలంటే 20 ఆంపియర్ల డీసీ టు డీసీ ఛార్జర్ వాడాలి. బండి బ్యాటరీకి నేరుగా రెండు వైర్లు కలపడం లాంటి పనులు వద్దు, లిథియం బ్యాటరీ ఒక్కసారిగా లాగే కరెంటుకు చిన్న ఆల్టర్నేటరు కాలిపోవచ్చు.

ఫ్యూజు విషయంలో బేరం ఆడకండి. ప్లస్ వైరు బ్యాటరీని వదిలిన జానెడు లోపలే మెయిన్ ఫ్యూజు ఉండాలి. అక్కడి నుంచి ఫ్యూజు బాక్సు, ఒక్కో లైనుకు ఒక్కో ఫ్యూజు. ఫ్యూజు కాపాడేది ఫ్యాన్‌ను కాదు, వైరును. రేకు అంచుల మీదుగా పోయే ప్రతి వైరుకూ రబ్బరు గ్రామెట్ (వైరు కోసుకుపోకుండా కన్నంలో పెట్టే రింగు), పైన ఫ్లెక్సిబుల్ పైపు వేయండి. బ్యాటరీ పెట్టె నేల మీద, ఇంజిన్‌కు దూరంగా, గాలి తగిలేలా ఉండాలి. 45 డిగ్రీలు దాటిన వేడిలో ఈ బ్యాటరీలను ఛార్జి చేయడం మంచిది కాదు, మన మే నెలలో మూసిన బండి లోపల ఆ వేడి మామూలే. ఛార్జింగ్ పొద్దున పూట ముగించుకోండి.

నీళ్లు, వంట, ఇంకొకటి

సింకుకు పంపు కోసం ఆన్‌లైన్‌లో వెతకక్కర్లేదు. పురుగుమందుల షాపులో అమ్మే బ్యాటరీ స్ప్రేయరు లోపల ఉండేది 12 వోల్టుల డయాఫ్రమ్ పంపే. స్పేరుగా విడిగా దొరుకుతుంది, కుళాయి మూస్తే దానంతటదే ఆగుతుంది. కొత్తదే కొనాలి సుమా, పొలంలో వాడింది ఎంత కడిగినా పనికిరాదు. జెర్రీక్యాన్‌లోంచి మేస్త్రీలు వాడే లెవెల్ పైపుతో పంపుకు, అక్కడి నుంచి కుళాయికి. ఇది గిన్నెలు, చేతులు కడుక్కోవడానికే. తాగే నీళ్లకు 20 లీటర్ల క్యాన్ వేరే పెట్టుకోండి.

కిచెన్‌ను వెనక తలుపు దగ్గర, బయటికి లాగే సొరుగులా చేయండి. మాడ్యులర్ కిచెన్‌కు వాడే టెలిస్కోపిక్ ఛానళ్లలో 45 కిలోలు మోసేవి తీసుకుని, మూసినప్పుడు జారకుండా టవర్ బోల్టు పెట్టండి. వంట మాత్రం బండి బయట నిలబడే చేయాలి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, లీకైతే పైకి పోదు, మంచం కింద నేల మీద చేరి నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తుంది. 5 కిలోల సిలిండరు చాలు, వాడనప్పుడు రెగ్యులేటర్ తీసేయండి, రాత్రి సిలిండరు బయట పెట్టి పడుకోండి. డ్రైవరు సీటు పక్కన 2 కిలోల ఏబీసీ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి, సామాన్ల అడుగున కాదు. చేపల పులుసు మాత్రం బండి దగ్గర పెట్టకండి. పోపు ఘుమఘుమ ఆ పూటకు బాగానే ఉంటుంది, కానీ నవారుకు పట్టిన వాసన వారం వదలదు.

టాయిలెట్‌కు మూత బకెట్టు, దానికో సీటు, పక్కన ఒక బస్తా ఊక. రైస్ మిల్లుల జిల్లాలో ఊకకు కొదవేముంది? వాడినప్పుడల్లా రెండు దోసిళ్లు చల్లితే వాసన, ఈగలు ఉండవు. పగలు పెట్రోలు బంకులో పని కానిచ్చేసి దీన్ని రాత్రి అవసరానికే ఉంచుకోండి.

తూకం

ఇది దాదాపు ఎవరూ చేయరు. అన్నీ బిగించి, నీళ్లు నింపి, ఇద్దరూ ఎక్కి బండిని వేబ్రిడ్జి మీదికి తీసుకెళ్లండి. ముందు మొత్తం బరువు తీయించి ఆర్‌సీలో రాసిన గరిష్ఠ బరువుతో పోల్చుకోండి. తర్వాత వెనక చక్రాలు మాత్రమే బ్రిడ్జి మీద ఉంచి ఇంకో తూకం. బరువంతా వెనక చేరితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతుంది, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు అది బాగా తెలుస్తుంది. నీళ్లు, బ్యాటరీ, ఐస్ బాక్సు వెనక ఇరుసుకు ముందు వైపు, నేలకు దగ్గరగా ఉండాలి. కుడి ఎడమలు సమానంగా సర్దండి.

మొదటి రాత్రులు

మొదటి రాత్రి ఇంటి ముందే పడుకోండి. ఏ బోల్టు మోగుతోంది, దోమ ఎక్కడి నుంచి వస్తోంది, ఫ్యాన్ స్విచ్చు చేతికి అందుతోందా, ఇవన్నీ అక్కడే తేలతాయి. తర్వాత దగ్గరగా మైపాడు. ఇసుకలోకి బండి దించకండి. లోడున్న వ్యాన్ వెనక చక్రం ఒకసారి దిగబడితే ట్రాక్టరు వచ్చేదాకా కదలదు. ఆ తర్వాత సోమశిల, పెంచలకోన, ఉదయగిరి, భైరవకోన, కంభం చెరువు, మీ ఇష్టం. నల్లమల అడవి దారిలో రాత్రిపూట గేట్లు మూసేస్తారు, వెలుతురుండగానే దాటాలి. పల్లె దగ్గర ఆగితే ముందు ఎవరితోనైనా మాట్లాడి, ఇక్కడ ఆపుకోవచ్చా అని అడగండి. అడిగినవాడికి చోటే కాదు, మజ్జిగ కూడా దొరుకుతుంది. తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో తీరం ఊసే ఎత్తొద్దు.

తిరిగి రాగానే బోల్టులన్నీ ఒకసారి బిగించండి, మొదటి ప్రయాణంలో సగం వదులవుతాయి. బండి అడుగు భాగం, చక్రాల గుమ్మటాలు మంచినీళ్లతో ఒత్తిడిగా కడిగించండి. తీరం దగ్గర సర్వీసింగ్ షెడ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆ కడుగుడుకు అర్థమే లేదు, ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూసి మరీ కడిగించండి. ఆ పైన ప్లైవుడ్ నేల ఒక మూల ఎత్తి కింద చెమ్మ ఉందేమో చూసి, అన్ని తలుపులూ తెరిచి ఒక పూట ఎండలో ఆరబెట్టాకే బండిని మూయండి.